వెనక్కి నడిచిన స్వరరథం

ప్రభుత్వానికి ఎప్పుడు దేనిమీద ప్రేమ పుడుతుందో బ్రహ్మదేవుడికి కూడా ముందుగా తెలియదు. ఆ ఏడాది జానపదుల పాటల మీద పుట్టింది. ప్రేమ పుట్టగానే దానికో మండలి పుట్టింది. మండలికో డైరెక్టరు, డైరెక్టరుకో కారు, కారుకో షెడ్డు, షెడ్డుకో వాచ్‌మన్ వరసగా పుట్టుకొచ్చాక, చిట్టచివర ఎవరికో పాట సంగతి గుర్తొచ్చింది.

దాని పేరు సంచార స్వర సేకరణ మండలి. డైరెక్టరు భుజంగరావుగారు అంతకుముందు మత్స్యశాఖలో పనిచేశారు. చేపలు పాడవు కనుక ఆయనకి నిశ్శబ్దం మీద మంచి పట్టుంది. ముసలివాళ్లు పాటలతో సహా వెళ్లిపోతున్నారనీ, వాళ్లు స్టూడియోకి రాలేరు కనుక స్టూడియోయే వాళ్ల దగ్గరికి వెళ్లాలనీ ఆయన సెలవిచ్చారు. ఆలోచన నిజంగా మంచిదే. మంచి ఆలోచనలకి ఆఫీసుల్లో ఏ గతి పడుతుందో తెలియాలంటే నీలకంఠాన్ని అడగాలి.

నీలకంఠం సౌండ్ ఇంజినీరు. సగం జీవితం సినిమా పాటల స్టూడియోలో, అద్దం వెనక, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని గడిపాడు. రాను రాను అక్కడ పాటని ముక్కలు ముక్కలుగా పాడించి యంత్రంతో అతికించడం మొదలయ్యాక ఆయనకి విసుగు పుట్టింది. మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపిరి మీద పాడే మనిషిని మళ్లీ వినాలనే ఆశతో మండలిలో కాంట్రాక్టు ఉద్యోగానికి చేరాడు. జీతం తక్కువైనా చెవికి తిండి దొరుకుతుందనుకున్నాడు పాపం.

ఆయనకి అప్పగించిన వాహనం ఒక మోటార్‌హోమ్. పడక, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న బస్సన్నమాట. విదేశీ అతిథులు వస్తారని పర్యాటకం వాళ్లు ఎప్పుడో కొన్నారు. అతిథులు రాలేదు, పావురాలు వచ్చాయి. నీలకంఠం పావురాల్ని బతిమాలి పంపించి, మనసు పెట్టి పని మొదలుపెట్టాడు. వంటగట్టు మీద మిక్సింగ్ డెస్కు బిగించాడు. పడక తీయించి స్పీకర్లు నిలబెట్టాడు. శబ్దం పీల్చడానికి గోడలకి అతికించే నురగపలకల టెండరు తేలేలోగా తన పెళ్లినాటి పరుపు విప్పదీయించి ఆ దూదితో గోడలకి మెత్తలు కుట్టించాడు. భార్య నెలరోజులు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం కూడా స్టూడియోకి పనికొచ్చిందని ఆయన సర్దుకున్నాడు.

పాడేవాళ్లకి తలుపున్న చిన్న గది కావాలి. బస్సు మొత్తంలో అలాంటిది స్నానాలగది ఒక్కటే. అందులో ఉన్న కమోడు తీసేయిస్తానంటే స్టోర్సు వాళ్లు ఒప్పుకోలేదు. అది ప్రభుత్వ ఆస్తి, బస్సుతోపాటు పుట్టింది, బస్సుతోపాటే పోవాలన్నారు. దానిమీద చెక్క మూత వేయించి, పట్టు దిండు పెట్టించి, దాన్ని కళాకారుల ఆసనంగా నమోదు చేశారు. ప్రారంభోత్సవం నాడు గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బస్సుకి స్వరరథం అని పేరు పెట్టారు. భుజంగరావుగారు ఆ ఆసనం మీద కూర్చుని ఫొటో దిగారు.

మొదటి నెలంతా బాగానే నడిచింది. డ్రైవరు సన్యాసిరావు బండిని ఊళ్లో ఏ స్కూలు పక్కనో నీడ చూసి ఆపేవాడు. నీలకంఠం పాటలు పట్టేవాడు. నెల తిరిగేసరికి ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది. పాట పాడుతున్న సమయంలో వాహనం నిలిచి ఉన్నట్టు తేలింది. నిలిచి ఉన్నది స్థిర స్టూడియో అవుతుంది. స్థిర స్టూడియో హెడ్డాఫీసులో ఒకటి ఉండనే ఉంది. కనుక సంచార పద్దు కింద స్థిర పాటలు సేకరించడం నిధుల దుర్వినియోగం.

నీలకంఠం హెడ్డాఫీసుకి పరుగెత్తాడు. భుజంగరావుగారు ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ వివరించారు.

"చూడండి నీలకంఠంగారూ, సంచారం అనగా చలనం. మనది సంచార మండలి. చలనరహిత స్థితిలో స్వీకరించిన స్వరాన్ని మండలి స్వరంగా పరిగణించజాలదు."

"బండి నడుస్తుంటే ఇంజను మోత వస్తుందండి. పాట వినబడదు."

"వినబడటం అనేది వినేవారి సమస్య. సేకరించడం మన సమస్య."

మళ్లీ ఎవరూ పొరపాటు చేయకుండా హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజినీరు వచ్చి రికార్డింగు యంత్రానికీ చక్రానికీ మధ్య ఒక తీగ కలిపి సీలు వేసి వెళ్లాడు. ఇక చక్రం తిరిగితేనే యంత్రం పనిచేస్తుంది. చక్రం ఆగితే పాట మధ్యలో ఉన్నా సరే ఆగిపోతుంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. మండలి ఆ రోకలిని సీలు వేసి మరీ చుట్టింది. అంతవరకు పట్టిన పాటలన్నీ కొట్టివేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నీలకంఠానికి పారమ్మ దొరికింది.

పారమ్మది గెడ్డవలస. ఉత్తరాంధ్రలో కొండలకి దిగువన, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడ వరినాట్లని ఉభాలంటారు, నారుని ఆకంటారు. ఉభాల్లో ఆడవాళ్లు వరసగా నిలబడి, వంగి, ఆకు నాటుతూ అడుగు అడుగూ వెనక్కి వేస్తారు. వరసకి ఒక చివర పాట ఎత్తేది పారమ్మ, మిగతావాళ్లంతా వెనక అందుకుంటారు. తెగిన గండి పూడ్చబోయిన మొగుడు తిరిగొచ్చేలోగా మడంతా ఒంటిచేత్తో నాటేసిన కోడలి కథ అది. ఒక మడి పూర్తయ్యేదాకా సాగుతుంది. వాన జోరుగా కొట్టి మాట వినబడనప్పుడు ఆడవాళ్లు తలలు కాస్త పక్కకి తిప్పి, పారమ్మ పెదాలు చూసి మాట అందుకుంటారు. ఆ పాట పూర్తిగా తెలిసింది పారమ్మకే. మాకేటొచ్చు, ఆవిడెనకాల అనడమే కదా అని మిగిలినవాళ్లంటారు.

పారమ్మ గొంతులో గడ్డ ఉంది. ఉభాలవగానే కోయాలని డాక్టరు చెప్పాడు. కోశాక ప్రాణానికి భయంలేదు గాని గొంతుకి మాత్రం మాటివ్వలేనన్నాడు. అందుకామె పెద్దగా దిగులు పడలేదు. ఆమెకున్న కోరిక ఒక్కటే.

"నా పాట నానెప్పుడూ ఇన్నేదు బాబూ. పాడినోలికి పాట ఇనపడదు. ఊపిరి సూసుకోవాల, తరవాత మాట ఎతుక్కోవాల. ఒక్కపాలి కూకోని, ఒల్లో సేతులెట్టుకోని ఇనాలనుంది."

నీలకంఠం ఇంతకాలం పాటలు పట్టాడు గాని, పాడినవాళ్లకి ఇలాంటి లోటు ఒకటుంటుందని ఆయనకెప్పుడూ తోచలేదు. వినిపిస్తానని మాటిచ్చేశాడు. ఇచ్చాక తీగ సంగతి గుర్తొచ్చింది.

ముందు దొంగదారి వెతికాడు. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఫోనులో పట్టాడు. ఆ రోజు వాన, మడినిండా కప్పలు. పారమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా ఓపిగ్గా విని, కప్పలు బాగా పాడినాయి బాబూ అంది. హెడ్డాఫీసుకి ఎవరు చేరవేశారో గాని, మండలి సొంతం కాని పరికరంతో పట్టింది అనధికార స్వరం అవుతుందనీ, మళ్లీ జరిగితే చర్య తప్పదనీ వెంటనే హెచ్చరిక వచ్చింది.

ఇక లాభంలేదని పారమ్మని స్వరరథంలోనే ఎక్కించాడు. కళాకారుల ఆసనం మీద కూర్చోబెట్టి మైకు పెట్టి తలుపు వేశాడు. సన్యాసిరావు బండి కదిలించాడు. ఎర్రదీపం వెలిగింది. లోపలినుంచి పాట రాలేదు. కాసేపాగి తలుపు తడితే, ఊరికే కూర్చుంటే పాట ఎలా వస్తుందని పారమ్మ ఎదురు ప్రశ్న వేసింది. చేతులు మట్టిలో ఉండాలి, నడుం వంగాలి, కాలు వెనక్కి వేయాలి, అప్పుడు దానంతటది వస్తుందట. నీలకంఠం పళ్లెంలో తడిమట్టి, నాలుగు ఆకు మొక్కలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె జాలిపడి నాటడానికి వంగింది. అంతలో సన్యాసిరావు గోతిలో దింపాడు. పాటకి బదులు పొద్దున తిన్న గంజి వచ్చింది. కమోడు తీయనివ్వని స్టోర్సు వాళ్ల ముందుచూపుని నీలకంఠం ఆ ఒక్కరోజూ మెచ్చుకున్నాడు.

ఈ సంగతంతా రాసి పంపితే హెడ్డాఫీసు తక్షణం స్పందించింది. కళాకారులకి వాంతులు కాకుండా నిమ్మకాయలు మంజూరు చేసింది. పెద్ద పాటలకి పెద్ద రోడ్లు ఎంచుకోవాలని సూచించింది. గెడ్డవలస పాట ఒక మడి పొడవు ఉంటుందని రాశారు కనుక, మడి అనగా ఎన్ని కిలోమీటర్లో తెలియజేయవలసిందిగా కోరింది.

ఉభాలు అయిపోవస్తున్నాయి. ఆఖరి మడి నాటే రోజున నీలకంఠం తెగించాడు. బండిని మడిపక్క బురదబాటలో నెమ్మదిగా నడిపిస్తూ, మైకు కిటికీలోంచి బయటికి చాపి, దొరికినంత పట్టుకుందామనుకున్నాడు. సన్యాసిరావు వద్దంటూనే దింపాడు. పది బారలు పోయేసరికి ముందుచక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. సైలెన్సరులోకి నీళ్లెక్కి ఇంజను ఆగింది. ముందు అంతా బురద. వెనక్కి లాగితే తప్ప దారిలేదు. ఊళ్లో ట్రాక్టర్లన్నీ పొరుగూళ్లలో పొలాల దమ్ముకి పోయి ఉన్నాయి.

నాటు ముగించి గట్టెక్కిన ఆడవాళ్లు బండి అవస్థ చూసి నవ్వుకుని, మోకు తెప్పించి వెనక కొక్కానికి కట్టారు. బండి వెనక, దానివైపు తిరిగి నిలబడి మోకు పట్టి, నడుం వంచి, ఒక్కసారి లాగారు. కాలు వెనక్కి పడింది. మళ్లీ లాగారు. మళ్లీ కాలు వెనక్కి పడింది. కాళ్లు మట్టిలో ఉన్నాయి, నడుం వంగి ఉంది, చేతులకి పని ఉంది. మూడో అడుక్కి పారమ్మ నోటివెంట పాట దానంతటదే వచ్చేసింది.

"గండి కట్టబోయినోడు గట్టు మీద లేడు
ఆకు కట్ట ఇప్పవే, పొద్దింకా పోలేదు"

వెనకవాళ్లు అందుకున్నారు. నీలకంఠం యంత్రం వైపు చూశాడు. చక్రం కొద్దికొద్దిగా తిరుగుతోంది. ఎర్రదీపం వెలిగింది. ఇంజను మోత లేదు. కిటికీలోంచి చాపిన మైకుని వాళ్లవైపు తిప్పి, డెస్కు మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి, తుడుచుకోడానికి కూడా డెస్కు మీదనుంచి చెయ్యి తీయలేదు.

కాని గట్టిమట్టి దగ్గరవుతోంది. బండి ఒక్క ఊపున దారికెక్కితే పాట సగంలో పోతుంది. నీలకంఠం ముందుకి వంగి, బ్రేకు మీద కొంచెం కాలు వేసి ఉంచమని సన్యాసిరావు చెవిలో చెప్పాడు. సన్యాసిరావు ఆయన్ని ఒక చూపు చూసి వేశాడు. పాపం ఆ ఆడవాళ్లు ఎంత లాగినా బండి బెత్తెడు బెత్తెడే కదిలింది. పాటలో కోడలు మడంతా నాటింది, చీకటి పడింది, మొగుడు గట్టు మీదికొచ్చి దీపం చూపించాడు. అప్పుడు సన్యాసిరావు కాలు తీశాడు. బండి దారికెక్కింది.

రొప్పుతూ మోకు చుట్టిన పారమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. ఆయన సిగ్గుతో తల వంచుకున్నాడు.

"బ్రేకేసినావు కదా బాబూ," అంది మెల్లిగా. "నాకూ తెలిసింది. నేకపోతే అందాకా పాడుదునా?"

రెండు వారాల తరవాత ఆమె గొంతు కోశారు. గడ్డ పోయింది. డాక్టరు భయపడ్డట్టే గొంతూ పోయింది. పెదాలు కదులుతాయి, ఊపిరి వస్తుంది, శబ్దం మాత్రం లేదు. నీలకంఠం ఆస్పత్రికి వెళ్లి, పెద్ద స్పీకర్లలో, పెద్ద సభలో, మొదటి వరసలో కూర్చోబెట్టి వినిపిస్తానని చెప్పాడు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూపించింది.

అక్కడ హెడ్డాఫీసులో వేరే గొడవ లేచింది. చక్రానికి తీగ కలిపిన ఆ యంత్రం చక్రం తిరగడాన్నే కాదు, ఎటు తిరిగిందో కూడా చూపిస్తుందట. పాట పొడవునా స్వరరథం వెనక్కి నడిచినట్టు తేలింది. అత్యవసరంగా సమావేశం పెట్టి నీలకంఠాన్ని నిలబెట్టారు.

సంచారం అనగా చలనమే అయినా, చలనం అనగా పురోగమనం అనే అర్థంలోనే మండలిని స్థాపించారని భుజంగరావుగారు విచారం వెలిబుచ్చారు. తిరోగమనంలో స్వీకరించిన స్వరాన్ని ఏ పద్దు కిందా చూపలేమన్నారు. కళాకారిణి చేత మళ్లీ ముందుకి పాడించమన్నారు. ఆమెకిక గొంతు లేదని నీలకంఠం చెప్పాడు. సమావేశం ఒక నిమిషం మౌనం పాటించి, అజెండాలో తరవాతి అంశంగా పరిష్కారాన్ని కనుక్కుంది. వెనక్కి నడుస్తూ పట్టిన పాటని వెనకనుంచి ముందుకి తిప్పేస్తే లెక్క సరిపోతుంది.

"అలా తిప్పితే ఒక్క ముక్క అర్థం కాదండి," అన్నాడు నీలకంఠం.

"అర్థం మండలి పరిధిలోకి రాదు. స్వరం మాత్రమే వస్తుంది."

అక్కడికక్కడే పాట తిప్పించారు. తిప్పని ప్రతిని అక్రమ ప్రతిగా ప్రకటించి ఇద్దరు సాక్షుల ఎదుట చెరిపేశారు. నీలకంఠం ఆఖరి ప్రయత్నంగా, పోనీ సభలో దీన్నే చివరినుంచి మొదటికి వేస్తానన్నాడు. అంటే మళ్లీ వెనక్కి నడిపినట్టే కదా అని భుజంగరావుగారు జాలిగా నవ్వారు. పాట మొత్తం ఆ పెట్టెలోనే ఉంది, ఒక్క మాట పోలేదు, కాని తిన్నగా వినే అధికారం ఎవరికీ లేదు. నీలకంఠం అలవాటు కొద్దీ అలాగేనండి అని వచ్చేశాడు.

జిల్లా కేంద్రంలో సభ పెట్టారు. స్వరరథానికి పూలమాలలు వేసి బయట నిలబెట్టారు. గెడ్డవలస ఆడవాళ్లందర్నీ లారీలో తెచ్చి వెనక వరసల్లో కుదేశారు. పారమ్మని మాత్రం నీలకంఠం చెయ్యి పట్టుకుని తెచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టాడు. కొత్త చీర, మెడకి కట్టు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇప్పుడు వినబోయేది తన పాటలా ఉండదని ఆమెకి చెప్పాలని ఆయన దారంతా అనుకున్నాడు, నోరు రాలేదు.

పాట మొదలైంది. స్పీకర్లలోంచి ఊపిరి లోపలికి పీల్చుకుంటున్నట్టూ, మాటలు మింగుతున్నట్టూ ఏదో శబ్దం హాలంతా నిండింది. వేదిక మీది పెద్దలు కళ్లు మూసుకుని తలలూపారు. భాషా నిపుణుడుగా వచ్చిన ఒకాయన మైకు తీసుకుని, ఇది ఏ లిపికీ అందని ఆదిమ భాష అనీ, దీనిమీద తక్షణం ఒక ఉపమండలి వేయాలనీ అన్నాడు. చప్పట్లు మోగాయి. భుజంగరావుగారు వినయంగా లేచి నిలబడ్డారు.

పారమ్మ ముందు శ్రద్ధగా విన్నది. తరవాత చెయ్యి చెవి వెనక పెట్టుకుని విన్నది. తరవాత నీలకంఠం వైపు తిరిగి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఏది నా పాట అని అడిగినట్టుంది. నీలకంఠం జీవితంలో మొదటిసారి ఎవరి అనుమతీ తీసుకోకుండా స్పీకర్ల తీగ పీకేశాడు.

హాలు నిశ్శబ్దమైంది. పారమ్మ లేచి, వెనక వరసల వైపు తిరిగింది. నడుం వంచింది. చేత్తో గాలిలో ఆకు నాటుతూ కాలు వెనక్కి వేసింది. పెదాలు కదిలాయి. శబ్దం లేదు. కాని జోరువానలో శబ్దం ఎప్పుడుంది గనక? గెడ్డవలస ఆడవాళ్లు తలలు కాస్త పక్కకి తిప్పి ఆమె పెదాలు చూశారు. ఒకామె అందుకుంది. పక్కనామె అందుకుంది. గండి కట్టబోయినోడు గట్టు మీద లేడు అని హాలు మొత్తం ఒక్క గొంతై లేచింది. వెనకాల అనడమే వచ్చన్నవాళ్లకి పాట పొడుగూతా వచ్చునని ఆ రోజు వాళ్లకే తెలిసింది. కాసేపటికి పారమ్మ పెదాలు ఆపింది. పాట ఆగలేదు.

భుజంగరావుగారు వేదిక దిగి గాభరాగా నీలకంఠం దగ్గరికొచ్చారు. ఇదంతా ఏ పద్దు కింద జరుగుతోందని అడిగారు. భవనం కదలడం లేదు కదా అన్నారు.

"అవునండి, ఇక్కడేదీ కదలడం లేదు," అన్నాడు నీలకంఠం. "కనుక మీరు విననట్టే లెక్క. వెళ్లి కూర్చోండి."

పారమ్మ అప్పటికే కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తన పాట తను వింటోంది.